‘లువో’ అంటే వెంట నడవడం, సరే. దేని వెంట?

ఏటిగట్టు:
ఒక సగం వాక్యం రెండు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. “…వెంట నడిచి వచ్చారు గనక లువోలయ్యారు” అని. ముందున్న మాట జారిపోయింది. “ఏటి వెంట”నా, “ఆవుల వెంట”నా, “ఏనుగు వెంట”నా? కెన్యాలో విక్టోరియా సరస్సు పక్కనున్న లువో జాతికి మూలపురుషుడైన రామోగి వలస గురించిన వాక్యమే, అందులో అనుమానం లేదు. వాళ్ళ నుడి దోలువోలో ‘లువో’ అనే క్రియకు వెంబడించడమనే అర్థం ఉన్న సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఆ ఖాళీలో పడాల్సిన మాట ఎవరికైనా తడుతుందా?

అరసున్న:
ఏటి వెంటే, సందేహమెందుకు? దక్షిణ సూడాన్‌లోని బహ్ర్ అల్ గజాల్ ప్రాంతంలో, ఇప్పటి వావ్ చుట్టుపక్కల బయల్దేరి, నైలు పట్టుకుని దక్షిణానికి వచ్చి, ఉగాండాలో పక్వాచ్ దగ్గరి పుబుంగులో ఆగి, అక్కణ్ణుంచి చీలిపోయారు. ఒక చీలిక తూర్పుకు తిరిగి తొరోరో మీదుగా యాలా చిత్తడినేల దాటి గోట్ రామోగి ఎక్కింది. ‘గోట్’ అంటే కొండ. ఇప్పటి సియాయా కౌంటీలో, యింబోలో, కన్యాబోలి సరస్సుకు దగ్గర్లో ఉంది.

బండిరా:
అరసున్న గారూ, నైలు ఉత్తరానికి కదండీ పారేది! మనవాళ్ళు వచ్చింది దక్షిణానికి. దాన్ని ఏటికి ఎదురు రావడమంటారు. పైగా పక్వాచ్ దాటాక తూర్పుకు తిరిగినవాళ్ళకు ఇక నైలెక్కడిది? సగం దారిలో వదిలేసిన నదిని పట్టుకుని జాతికి పేరు పెట్టుకుంటారా?
ఆమాటకొస్తే నదితో పాటు దిగువకు నిజంగా నడిచినవాడు లువోలకు దాయాదులైన షిల్లుకుల మూలపురుషుడు ఞికాఙ్. సోదరుడు దువాత్‌తో తగువు పడి తెల్ల నైలు వెంట ఉత్తరానికి వెళ్ళాడు. మరి అతని జనం తమను ‘చొల్లో’ అనుకుంటారు, లువో అనుకోరు.

వలపలగిలక:
బండిరా ‘ఞికాఙ్’ అని రాసినందుకు ముందుగా ఒక దండం. ఙ, ఞ అక్షరాలు పలక మీద దిద్దించి, ఆ తర్వాత వాఙ్మయానికీ జ్ఞానానికీ యాచ్ఞకూ తప్ప వాడని జాతి మనది. ఆ రెంటికీ దోలువోలో చేతినిండా పని. మొసలిని వాళ్ళు ‘ఞాఙ్’ అంటారు. రెండు అనునాసికాలూ ఒకే మాటలో! ఇక ఞికాఙ్ తల్లి ఞాకాయా సగం మొసలి, ఏటి దేవత.

అసలు విషయానికొస్తే, ఏటిగట్టు గారు ‘లువో’ అని రాశారు. అది ఎలా రాయాలన్నది ముందు తేలాలి. లుఓ, లువో, ల్వో. కెన్యా రాతలో మధ్య వకారం లేదు. ఉగాండా వైపు పాత రాతల్లో ల్వో అని ఉంటుంది. క్రజ్జొలారా అనే ఇటాలియన్ మిషనరీ 1950 నుంచి 1954 వరకు మూడు సంపుటాలుగా రాసిన చరిత్రలో కూడా ల్వోఓ అని రెండు ఓకారాలు పెట్టాడు. మన నోటికి ఉకారం తర్వాత ఓకారం వస్తే నడుమ వకారం దానంతటదే వచ్చి కూర్చుంటుంది, చిన్నయసూరిగారి యడాగమానికి అన్నదమ్ముడిలా. అంటే ‘లువో’లో మీరు చూస్తున్న వకారం మన నోరు చేర్చిందేమో. జాతి పేరూ క్రియా ఒకేలా కనబడడం ఆ వకారం చలవేమో చూసుకోండి.

ఏటిగట్టు:
గిలకా, అడిగింది వకారం గురించి కాదు. వకారానికి ముందున్న మాట గురించి.

చందమామకథ:
నమస్కారమండీ. రామోగి అంటే ‘రామయోగి’ కావచ్చా? యకారం లోపించి…

వలపలగిలక:
కాదు బాబూ. ‘రా’ అక్కడ ముందు చేరే ముక్క. తెఙ్ నలుపు, రాతెఙ్ నల్లనిది. రాచార్ తెల్లనిది. రాఙొల్ అంటే కుంటివాడు. అలాంటి రా అది. మన రాముడికీ దానికీ చుట్టరికం లేదు. మీ ఫోను దాన్ని ‘రామోజీ’ అని దిద్దకపోవడమే గొప్ప.

తాటాకు:
కుర్రాణ్ణి వదిలేయండి మాష్టారూ. వకారం సంగతి నేను తేలుస్తా.
‘లువో అంటే వెంబడించు’ అన్న వ్యుత్పత్తి దక్షిణాదివాళ్ళది, విక్టోరియా సరస్సు పక్కవాళ్ళది. బైబిల్లో ‘నన్ను వెంబడించుము’ అన్నచోట దోలువోలో ‘లువా’ అని ఉంటుంది. అదే ఉగాండాలోని దాయాది నుడి అచోలీలో ‘లుబ్’. వెంబడించడానికి అచోలీ క్రియ ‘లుబో’, అంటే బకారం. మరి జాతిపేరు మాత్రం అచోలీల నోట కూడా ల్వోయే, దాంట్లో బకారం లేదు. పేరు ఆ క్రియ నుంచే పుట్టి ఉంటే అక్కడ కూడా ‘లుబో’ అనాలి కదా? అనరు. బహ్ర్ అల్ గజాల్‌లోనే ఉండిపోయి ఎక్కడికీ వలస పోనివాళ్ళు కూడా తమను ‘లువో’ అనే చెప్పుకుంటారు. పొరుగు జాతివాళ్ళు దింకాలు వాళ్ళను ‘జూర్’ అంటారు, అంటే పరాయివాళ్ళని. కదలనివాళ్ళు దేని వెంట నడిచినట్టు?
కాబట్టి ఏటిగట్టు గారి ఖాళీలో ఏ మాట పెట్టినా ఆ వాక్యం మొత్తమే తప్పు.

అరసున్న:
వ్యుత్పత్తి తప్పే అనుకుందాం. జనం చెప్పుకునేది అదే కదా? ‘శ్రీకాళహస్తి’ని సాలీడు, పాము, ఏనుగుగా విడగొట్టుకున్నాం. అక్కడ భాషాశాస్త్రం కన్నా కథకే బలం. ఏటిగట్టు అడిగింది కథలో ఉన్న మాట.

బండిరా:
కథే కావాలంటే ఏనుగు వెంట. గిపిర్, లబోంగో అన్నదమ్ముల కథ గుర్తుచేసుకోండి. చేలో ఏనుగు పడింది. గిపిర్ కంగారులో లబోంగో ఈటె అందుకుని విసిరాడు. ఏనుగు ఆ ఈటెతోనే అడవిలోకి పోయింది. బదులు ఎన్ని ఈటెలిస్తానన్నా లబోంగో వినలేదు, నా ఈటే నాకు కావాలన్నాడు. గిపిర్ ఏనుగు జాడ పట్టుకుని నడిచాడు. ఏనుగుల దేశంలో ఒక ముసలమ్మ ఈటె తిరిగిచ్చి, పూసలు కూడా ఇచ్చింది. తర్వాత లబోంగో పసిబిడ్డ ఒక పూస మింగింది. ఈసారి గిపిర్ పట్టుబట్టాడు, నా పూసే నాకు కావాలని. బిడ్డ పొట్ట కోశారు. అక్కడితో అన్నదమ్ములు నైలు దగ్గర విడిపోయారు. గిపిర్ పడమటికి దాటి అలూర్‌లకు మూలపురుషుడయ్యాడు, లబోంగో తూర్పున అచోలీలకు. మళ్ళీ కలవమని గొడ్డలి పాతిన చోటు ‘వాఙ్ లెయి’, పక్వాచ్ దగ్గర.
ఈ మొత్తంలో ‘వెంబడించు’ అన్న పని నిజంగా జరిగింది ఒక్కచోటే. ఏనుగు జాడ పట్టడం.

వలపలగిలక:
‘వాఙ్’ అంటే కన్ను. చోటు అని కూడా. మనం వంతెనకు ‘కన్ను’ అన్నట్టు. ‘లెయి’ గొడ్డలి. గొడ్డలి కన్ను! దాన్ని వాంగ్ అని రాసేవాళ్ళకు విన్నపం: రోమన్ లిపిలో ఉండే దోలువో రాతలో ంగ కూ ఙ కూ తేడా చూపడానికి ఒక పైకొమ్మ (’) పెడతారు. కొమ్మ ఉంటే ఒట్టి ఙ, లేకపోతే ంగ. ఆ కొమ్మ ఎగిరిపోతే మాటే మారుతుంది. తెలుగులో మనకు ఆ బెడద లేదు, రెండు అక్షరాలున్నాయి.
అలాగే ‘ధోలువో’ అని వత్తు పెట్టి రాస్తున్నారు కొందరు. అక్కడ ఉన్నది మహాప్రాణం కాదు, నాలుక కొస పళ్ళ నడుమ పెట్టి గాలి వదిలే ద. ఒత్తు లేకుండా దోలువో అని రాసుకోవడమే దగ్గర. ‘దోక్’ నోరు. దోలువో, లువోల నోరు. మన ‘నుడి’లాంటిది.

తాటాకు:
నోటి దాకా వచ్చారు గనక రామోగి పూర్తి పేరు కూడా చెప్పండి. రామోగి అజ్వాఙ్. ఆ చివరి ఙ సంగతి?

వలపలగిలక:
అక్కడే ఉంది అసలు తిరకాసు. ‘జ్వాఙొ’ అంటే వదిలేయడం, పట్టించుకోకపోవడం. ప్రసవ సమయంలో తల్లి దగ్గర ఎవరూ లేకుండా పుట్టినవాడు ఒజ్వాఙ్, ఆడపిల్ల అయితే అజ్వాఙ్. మగపేర్లకు సాధారణంగా ఒ, ఆడపేర్లకు అ. మరి మూలపురుషుడి పేరు పక్కన ఆడపేరెందుకు? బహుభార్యల ఇళ్ళలో కొడుకును తల్లి పేరుతో గుర్తించడం మామూలే. కాబట్టి నా లెక్కలో అది రామోగి తల్లి పేరు. జాతి పేరు ‘వెంబడించినవాళ్ళు’, మూలపురుషుడి తల్లి పేరు ‘వదిలేయబడినది’. ఈ రెండూ ఒకే కథలో ఉన్నాయి, చూశారా!

అరసున్న:
చూశాం. నచ్చింది కూడా. రుజువు మాత్రం లేదు. మగవాళ్ళలో అ తో మొదలయ్యే పేర్లు బోలెడు. అదోలా లేడూ?

బండిరా:
అదోలా పేరెత్తినందుకు థాంక్స్ అన్నా! తొరోరో దగ్గర ఆగిపోయిన జోపదోలా జనం మూలపురుషుడు అదోలా, ముందుకు సాగిన ఒవిఞ్ అన్నదమ్ములు. అదోలా అంటే పుండు. కాలికి పుండై నడవలేక అక్కడే కూర్చున్నాడని కథ. ఒవిఞ్ కెన్యాలోకి వచ్చి జోకోవిఞ్‌లకు మూలమయ్యాడు. అంటే వెంట నడవగలిగినవాడు లువో అయ్యాడు, నడవలేనివాడు పదోలా అయ్యాడు. ఏటిగట్టు గారి ఖాళీలో “అన్న వెంట” పెట్టుకోవచ్చు ఇక.

ఏటిగట్టు:
ఏనుగన్నారు, ఇప్పుడు అన్న అంటున్నారు. గంటకో మాట!

తాటాకు:
జోకోవిఞ్ మాటే చక్కని సంధి. జో జనం, కా ఫలానావారి చోటు, ఒవిఞ్ పేరు. జోకా+ఒవిఞ్, అకారం పోయింది. పుట్టిన+ఇల్లు పుట్టినిల్లు అయినట్టే. జోకా+ఒమోలో జోకోమోలో. జోకా+జోక్ దగ్గర పరాన అచ్చు లేదు గనక అకారం నిలిచింది, జోకాజోక్. రామోగి కొండకు మొదట వచ్చిన గుంపు ఇదే. తర్వాత జోకోవిఞ్, ఆ తర్వాత జోకోమోలో. దక్షిణాన సూబాలు వేరు. వాళ్ళు బంటూ మూలాలవాళ్ళు, తర్వాత లువో నుడిలోకి వచ్చారు. నాలుగు గుంపులు, నాలుగు కాలాలు. ‘రామోగి ఒక్కడే అందర్నీ నడిపించుకొచ్చాడు’ అన్నది తర్వాత అతికించిన మాట. ఞిక్వా రామోగి, అంటే రామోగి మనవలు, అని ఇప్పుడు అందరూ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో రామోగి ముఖం చూడని గుంపులే ఎక్కువ.

చందమామకథ:
ఆ వలస ఏ కాలానిదని ఎలా లెక్కగడతారండీ? రాతలు లేవు కదా.

తాటాకు:
తరాలు లెక్కపెట్టి. బెత్వెల్ ఒగోట్ 1967లో అచ్చువేసిన చరిత్ర అలాంటి వంశావళుల మీదే నిలబడింది. మోటుగా చెప్పాలంటే, 1950లో ఉన్న పెద్దమనిషి నుంచి వెనక్కి 15 తరాలు దొరికాయనుకో. తరానికి 27 ఏళ్ళు వేస్తే 405, అంటే 1545. తరానికి 30 వేస్తే 450, అంటే 1500. మూడేళ్ళ తేడాకే 45 ఏళ్ళు జరిగిపోయింది. అందుకే 16వ శతాబ్దం మొదటి సగం, అటూ ఇటూ అంటారు.
ఇది బెడిసికొట్టే చోట్లు కూడా చెబుతా. తాత పేరు మనవడికి పెడతారు గనక ఒకే పేరు రెండుసార్లు వస్తే ఒకటి రాలిపోతుంది. అన్నదమ్ముల్ని తండ్రీకొడుకులుగా చెబితే తరం పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘తేర్’. భర్త చనిపోయిన స్త్రీని అతని సోదరుడో దగ్గరి దాయాదో ఏలుకుంటాడు, పుట్టిన బిడ్డలు మాత్రం చనిపోయినవాడి లెక్కలోకే వెళ్తారు. చనిపోయిన పదేళ్ళకు పుట్టినవాడు కూడా అతని కొడుకే. తరానికి 27 అన్న సగటు అక్కడ సాగుతుంది. ఇంకో సంగతి. ఆ పేర్లు అప్పజెప్పేది పద్దు చదివినట్టు కాదు. ఞాతితి మీటుతూ విందుల్లో పాడతారు. ఎనిమిది తీగలు, కాలి బొటనవేలికి ఇనుప కడియం తొడిగి దాంతో వాద్యం చట్టాన్ని తాటిస్తూ తాళం వేస్తారు. నడుమ పాట ఆపించి ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకోవడం ‘పాక్‌రువోక్’. గొప్ప చెప్పుకునేచోట నచ్చని తాత జారిపోవడం వింతేమీ కాదు.

అరసున్న:
ఆవుల వెంట అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. పశువులతో కదిలే జనం మేత వెంటే కదులుతారు. ఇది మాత్రం ఎవరూ కాదనలేరు.

బండిరా:
కాదనను. కానీ కొత్త ఇల్లు కట్టే పద్ధతి చూస్తే ‘వరుస వెంట’ అనిపిస్తుంది. కొత్త ‘దాలా’ పెట్టడానికి తండ్రి, పెద్దభార్య, పెద్దకొడుకు కలిసి వెళ్తారు. పెద్దకొడుకు గొడ్డలి పట్టుకుంటాడు, పెద్దభార్య నిప్పు తీసుకెళ్తుంది, కూడా ఒక కోడిపుంజు. గుడిసె ఆ రోజే లేవాలి, ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. పెద్దభార్య ఇల్లు వాకిలికి ఎదురుగా, మిగతావి అటూ ఇటూ వరుసగా. పెళ్ళికాని కొడుకుల ‘సింబా’లు వాకిలి దగ్గర. తమ్ముడు అన్నకన్నా ముందు ఇల్లు కట్టడానికి లేదు. వరుస తప్పితే ‘చీరా’. ఒళ్ళు క్రమంగా క్షీణించిపోతుంది. వలస అంటే వాళ్ళకు వందల మైళ్ళ నడకే కాదు. ప్రతి తరం నాలుగడుగులు జరిగి ఇంకో దాలా కట్టడం. వదిలేసిన దాన్ని ‘గుండా’ అంటారు.

తాటాకు:
అన్నా, గుండా అన్నావు, ఇక ఆగలేను. అచోలీలో దాన్నే ‘ఒబుర్’ అంటారు. “తె ఒకొనొ ఒబుర్ బోఙ్ లుపుతు.” అచోలీ కవి ఒకోత్ ప్‌బితెక్ తన ‘సాంగ్ ఆఫ్ లావినో’ కావ్యంలో పదేపదే తిప్పిన సామెత ఇదే. 1966లో ఇంగ్లీషులో వచ్చింది, అచోలీ మూలం 1969లో. దీన్ని తెలుగులో “పాత పెరట్లోని గుమ్మడిపాదు పీకొద్దు” అనేస్తారు. ఒక్క ముక్కా సరిగ్గా లేదు.
ఒబుర్ పెరడు కాదు. జనం వదిలేసి వెళ్ళిన చోటు. తెలుగులో దానికి మాటుంది: పాటిదిబ్బ. ఏళ్ళ తరబడి పశువుల పెంటా బూడిదా కలిసి ఆ మన్ను బలిసి ఉంటుంది. మన రైతులు పాటిమన్ను బళ్ళకెత్తి చేలకు తోలుకునేది అందుకే. అక్కడ గుమ్మడి ఎవరూ విత్తకుండానే మొలుస్తుంది, ఆకూ కాయా రెండూ తింటారు. ఇల్లు వేరేచోటికి మారినా కరువు నెలల్లో వచ్చి కోసుకోవచ్చు. పీకేస్తే కలిసొచ్చేదేమీ లేదు, ఉన్నది పోతుంది.

వలపలగిలక:
ఆ మొదటి ‘తె’ సంగతేమిటి? ఇంగ్లీషులో అది కనబడదు.

తాటాకు:
అదే నా గొడవ! తె అంటే అడుగు, మొదలు. ‘గుమ్మడి’ కాదు, ‘గుమ్మడి మొదలు’. కాయ కోసుకో, ఆకు గిల్లుకో, మొదలు జోలికి మాత్రం పోకు అని. ఆ ఒక్క అక్షరం పోతే సామెత పాతదాన్ని ముట్టుకోవద్దు అన్న ఉపదేశంలా మారిపోతుంది. ‘బోఙ్’ ఒట్టి వ్యతిరేకార్థకం. ‘పీకొద్దు’ అనడం లేదు, ‘పీకరు’ అంటోంది. “పాటిదిబ్బ మీది గుమ్మడి మొదలు పీకరు.” ఇదీ తెలుగు.

అరసున్న:
‘కుదురు’ అనండి. గుమ్మడి కుదురు. మొదలు చెట్లకు.

తాటాకు:
కుదురు అంటే మొక్క చుట్టూ చేసే పాదు కూడా అవుతుంది. మొదలే.

అరసున్న:
‘కూకటివేరు’ ఉండగా ఈ రెండూ ఎందుకు?

బండిరా:
ప్‌బితెక్ మాటొస్తే ఒక్క పదం మీద అతను చేసిన ఇంకో గొడవ మరిచారే! 1911లో ఇటాలియన్ పాదిరీలు అచోలీ పెద్దల్ని “మిమ్మల్ని సృష్టించింది ఎవరు” అని అడిగారు. సృష్టికి విడిగా మాట లేక ప్రశ్న “మిమ్మల్ని మలిచింది ఎవరు” అయింది. మట్టికుండను మలచడం లాంటిది. మనుషుల్ని తల్లిదండ్రులు కంటారు, మలచడమేమిటన్నారు వాళ్ళు. మళ్ళీ మళ్ళీ అడిగితే, వెన్ను వంచి గూని చేసే ‘రుబాంగా’ అనే పీడ ఒకటుందని ఎవరో అన్నారు. దేవుడికి ఆ పేరే ఖాయమైంది. ఫుట్‌బాల్ ఆడటానికి 1956లో ఉగాండా జట్టుతో ఇంగ్లండు వెళ్ళి అక్కడే చదువుకున్న మనిషి రాసిన సంగతి ఇది.

వలపలగిలక:
‘రుబాంగా’ అని రాశారు. అక్కడ ఉన్నది ంగనా, ఙనా? అచోలీ రాతలో పైకొమ్మ ఉండదు, చెవితో విని రాయాలి. దోలువోకు అలాంటి చిక్కే అచ్చుల దగ్గర. తొమ్మిది అచ్చులకు ఐదే అక్షరాలు, స్వరం ఎత్తూ పల్లమూ రాతలో అసలు లేవు. జాతిపేరు లువో, క్రియ లువో ఒకే స్వరంలో పలుకుతారా అన్నది కాగితం చూసి తేల్చలేం.

ఏటిగట్టు:
అయ్యా, నా వాక్యం…

అరసున్న:
ఏటి వెంట అని పెట్టేసుకోండి. పేరులోనే ఏరు ఉంది మీకు.

తాటాకు:
పెట్టుకోకండి. బకారం మరిచిపోకండి.

చందమామకథ:
గుమ్మడి మొదలా, కుదురా, ఏది రాసుకోమంటారు?